స్థూలకాయం చికిత్సకు బీమా ఎందుకు ఇవ్వరు?

ప్రశ్న: నా వయసు 43. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తున్నాను. ఆహార నియమాలతో రెండుసార్లు తగ్గాను, మళ్లీ పెరిగాను. డాక్టర్ బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్ట, పేగులకు చేసే ఆపరేషన్) సూచించారు. బరువు తగ్గించే చికిత్సలకు పాలసీ వర్తించదని బీమా సంస్థ అంటోంది. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: న్యాయం కాదు. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత) 41 దాటింది. సాధారణంగా అది 30 లేదా అంతకు మించితే స్థూలకాయంగా పరిగణిస్తాం. బీఎంఐ 35 ఉంటే, ఇతర జబ్బులు ఉన్నా లేకున్నా సర్జరీని సిఫారసు చేయవచ్చని అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు 2022లో చెప్పాయి. మీకైతే షుగర్‌తో పాటు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) లక్షణాలూ ఉన్నాయి.

తగ్గిన బరువు మళ్లీ పెరిగిందని దయచేసి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. బరువు తగ్గగానే ఆకలిని అదుపు చేసే లెప్టిన్ హార్మోన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ పెరుగుతుంది, శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. అంటే పోయిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి శరీరమే పట్టుబడుతుంది. అందుకే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2013లో స్థూలకాయాన్ని జబ్బుగా గుర్తించింది. జబ్బని వైద్యశాస్త్రం ఒప్పుకున్నాక కూడా, అందం కోసం చేయించుకునే చికిత్సల వరుసలో దాన్ని చేర్చి ఖర్చు ఇవ్వననడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

నా దగ్గరకు వచ్చిన ఒకాయన పడుకుంటే ఊపిరాడక, కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న బల్ల మీద తల ఆనించి నిద్రపోయేవారు. ఆయన సర్జరీకి డబ్బు ఇవ్వనన్న బీమా సంస్థే, తర్వాత ఆయన గుండెకు స్టెంట్ వేసినప్పుడు బిల్లు కట్టింది. మూలాన్ని వదిలేసి పర్యవసానాలకు చెల్లించే ఈ పద్ధతి మారాలంటే, స్థూలకాయం చికిత్సను బీమాలో తప్పనిసరి చేస్తూ చట్టం రావాలి. మందులకూ ఇదే వర్తించాలి. గుండెజబ్బు ఉండి, షుగర్ లేని అధిక బరువు రోగుల్లో బరువు తగ్గించే మందు సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల ముప్పును 20 శాతం తగ్గించిందని 2023లో వెలువడిన పెద్ద పరిశోధన చూపింది. అయితే మందు ఆపితే బరువు చాలావరకు తిరిగి వస్తుంది కాబట్టి, బీపీ మాత్రల్లాగే దీనికీ దీర్ఘకాలం బీమా అండ అవసరం.

ఇక మీరు చేయవలసింది. తిరస్కరణకు కారణమైన పాలసీ నిబంధన సంఖ్యతో సహా లిఖితపూర్వక జవాబు అడగండి. కొన్ని పాలసీలు బరువు తగ్గించే కార్యక్రమాలను మినహాయించినా, వైద్య అవసరం రుజువైన సర్జరీకి చెల్లిస్తాయి. బరువు తగ్గడానికి చేసిన గత ప్రయత్నాల వివరాలు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష), నిద్ర పరీక్ష రిపోర్టులు జతచేసి, సర్జరీ ఎందుకు అవసరమో మీ డాక్టర్‌తో వివరంగా రాయించి అప్పీలు చేయండి. అక్కడా కాదంటే బీమా నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు.

నిద్ర పరీక్షను మాత్రం అప్పీలు తేలేదాకా వాయిదా వేయకండి. స్లీప్ ఆప్నియా నిర్ధారణ అయితే, నిద్రలో మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రంతో వెంటనే చికిత్స మొదలుపెట్టవచ్చు. అప్పటివరకు పగటిపూట మగతగా ఉంటే వాహనం నడపవద్దు.