భుజం ఆపరేషన్ తర్వాత వేటకి ఏ రైఫిల్ కొనాలి?

మీ కుడి భుజానికి రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు) ఆపరేషన్ అయి ఐదు నెలలైంది, జింకల వేటకి తక్కువగా తన్నే రైఫిల్ చెప్పమన్నారు. .243 వించెస్టర్ అనే చిన్న తూటా కాల్చే రైఫిల్ కొనండి, అందులోనూ బరువైనది చూసి కొనండి. జవాబు ఇంతే. మిగతాదంతా నా సోది, ఓపికుంటే చదవండి.

నాకూ కుడి భుజమే. "వేటకెళ్లొచ్చా?" అని అడిగితే డాక్టర్ నడక గురించి అనుకుని నిక్షేపంగా వెళ్లమన్నాడు. తుపాకీ భుజాన్ని ఎలా తంతుందో విడమరిచి చెప్పాక ఇంకో మూడు నెలలు ఆగమన్నాడు. మీరూ అలా విడమరిచే అడగండి.

ఎనిమిదో నెలలో పాత 30-06 (అంతకంటే పెద్ద తూటా రైఫిల్) బయటికి తీశాను. పదిహేనేళ్లుగా వాడుతున్నదే, కొత్తేముందిలే అనుకున్నా. షూటింగ్ రేంజ్‌కి బావ కూడా వచ్చాడు. మొదటి రెండు తూటాలూ కాగితం అంచుల్లో తగిలాయి. స్కోపు కదిలిందన్నాను. బావ ఏమీ అనకుండా, "ఇలా ఇవ్వు, నేను లోడ్ చేస్తా" అని తీసుకుని, బోల్ట్ మూసి చేతికిచ్చాడు. గురి చూసి ట్రిగ్గర్ నొక్కాను. టిక్కుమంది, పేలలేదు. లోపల తూటానే లేదు. కానీ బారెల్ బెత్తెడు కిందికి దిగిపోయింది, కళ్లు మూసుకుపోయాయి, పళ్లు బిగుసుకున్నాయి. తగలని దెబ్బకి ముందే ముడుచుకుపోయాను.

"స్కోపు బాగానే ఉంది బావా, కదిలింది నువ్వే" అన్నాడు.

భుజానికి ఆ రోజు నొప్పేమీ లేదు. భయమే. ఆ భయంతో వేటకెళితే జింక కాలు విరిగి పొదల్లోకి పోతుంది, రాత్రంతా వెతకాలి. అందుకే క్యాలిబర్ (తూటా సైజు) తగ్గించాను. 8 పౌండ్ల బరువున్న 30-06లో 180 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ పేలిస్తే తన్ను దాదాపు 20 ఫుట్-పౌండ్లు. .243లో 100 గ్రెయిన్లది అయితే 9 దరిదాపుల్లో ఉంటుంది. 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08 అనే తూటాలు రెండూ 12 చుట్టూ తిరుగుతాయి, మీ భుజం పూర్తిగా కోలుకున్నాక అవీ మంచివే. .243 పిల్లల తుపాకీ అని ఎగతాళి చేసేవాళ్లుంటారు. 1955 నుంచీ దాంతో జింకలు పడుతూనే ఉన్నాయి.

నాకు ఒళ్లు మండేది ఈ తేలిక రైఫిళ్ల పిచ్చి చూస్తేనే. భుజం ఆపరేషనని చెప్పగానే షాపువాడు ఈకలా ఉన్నది తీసి చేతిలో పెడతాడు. అదే తూటాని 8 పౌండ్ల దాంట్లో కాకుండా 6 పౌండ్ల దాంట్లో పేలిస్తే తన్ను మూడో వంతు పెరుగుతుంది. మోయడం కష్టమంటారా, బెల్టు ఎడమ భుజానికి తగిలించుకోండి. మజిల్ బ్రేక్ (బారెల్ మూతికి తగిలించే, గ్యాస్‌ని పక్కలకి వదిలే ముక్క) బిగించుకోమని ఇంకొకడు చెబుతాడు. తన్ను తగ్గే మాట నిజమే, చెవులు మాత్రం పోతాయి, మీవే కాదు పక్కవాడివి కూడా. మీ చట్టం ఒప్పుకుంటే సప్రెసర్ (బారెల్ మూతికి బిగించే సైలెన్సర్) పెట్టుకోండి, తన్నూ తగ్గుతుంది, మోతా తగ్గుతుంది. బట్‌కి (భుజానికి ఆనే చివరకి) మెత్తటి రబ్బరు ప్యాడ్ ఎలాగూ ఉండాలి. అయితే ప్యాడ్ మందానికి స్టాక్ పొడవు పెరుగుతుంది, చెయ్యి చాచాల్సి వస్తుంది, చూసుకోండి.

ఇంకోటి. బల్ల ముందు కూర్చుని కాలిస్తే ఒళ్లు వెనక్కి ఊగదు, దెబ్బంతా భుజమే తింటుంది. నేను నెల రోజులు దాదాపు తన్నని చిన్న తూటా .22తోనే కాల్చాను. తర్వాత .243తో నిలబడి, రోజుకి పది తూటాలు మించకుండా. బావ మధ్యమధ్యలో ఖాళీది ఇస్తూనే ఉండేవాడు. మూడో వారానికి బారెల్ కదలడం మానేసింది.

30-06 ఇప్పుడు బావ దగ్గరే ఉంది. మొన్న ఐదు తూటాలు కాల్చి, పక్కకి తిరిగి భుజం రుద్దుకోవడం చూశాను. నేనూ ఏమీ అనలేదు.