గుణుపురం కొండ ఊళ్లలో 20 మంది అంధులకు శిక్షణ: రాయగడలో హాలు తీసుకోవాలా, ఇళ్ల దగ్గరే నేర్పాలా?

మీరు అడిగింది ఇది: ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం చుట్టుపక్కల కొండ ఊళ్లలో చూపు లేనివాళ్లు 20 మంది తేలారు, కొన్ని తెలుగు ఇళ్లు, ఎక్కువ సవర ఇళ్లు. రాయగడలో హాలు అద్దెకు తీసుకుని నెల రోజులు కర్ర, బ్రెయిలీ, ఫోను, కొవ్వొత్తుల తయారీ నేర్పితే ఎలా ఉంటుంది, ఎంతమంది సిబ్బంది కావాలి అని.

హాలు వద్దు. 20 మంది, తలా ఒక తోడు, 30 రోజులు అంటే 1,200 రోజుల తిండీ పడకా లెక్క. అంత పెట్టాక వాళ్లకు వచ్చేది సిమెంటు నేల మీద నడక. ఇంటికెళ్తే ఎదురయ్యేది పొలంగట్టు, గెడ్డ (వాగు), రాళ్ల దారి, నడుం వంచితే గానీ దూరలేని చూరు. అక్కడ ఆ నడక పనికిరాదు, కర్ర చూరులో దోపేస్తారు.

అసలు మొదలుపెట్టాల్సింది కంటి పరీక్షతో. 2015–19 జాతీయ సర్వేలో 50 ఏళ్లు దాటినవాళ్ల అంధత్వంలో మూడింట రెండు వంతులకు శుక్లమే కారణమని తేలింది. ఆపరేషన్‌తో చూపొచ్చే మనిషికి కర్ర నేర్పడం అన్యాయం. పట్టపగలు, ఎండ మీ వీపు వైపు కాకుండా వేళ్ల మీద పడేలా నిలబడి, 3 మీటర్ల దూరంలో వేళ్లు చూపించండి. ఒక్కో కన్ను విడిగా. లెక్కపెట్టలేకపోతే చూపు 3/60 కంటే తక్కువని (మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనిపించేది 3 మీటర్ల నుంచైనా కనిపించదని) మీ పుస్తకంలో రాసుకోండి, కానీ ‘ఇక రాదు’ అనే మాట మాత్రం డాక్టరే చెప్పాలి. రాయగడలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి శాఖ ఉంది, 20 మందినీ రెండు దఫాలుగా జీపులో తీసుకెళ్లండి. కంట్లో పువ్వు వేసినవాళ్లను కూడా వదలొద్దు, కొందరికి దారి ఉంటుంది. పగలు బాగా నడిచి పొద్దుగూకాక తూలేవాళ్లను ఊళ్లో తాగుబోతులనో, నటిస్తున్నారనో అంటారు. రేచీకటితో మొదలై చూపు గొట్టంలా కుంచించుకుపోయే జబ్బు కావొచ్చు అది, మేనరికాలున్న ఇళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. ఎదురుగా వేళ్లు లెక్కపెట్టినా, చూపు విస్తీర్ణం 10 డిగ్రీల లోపైతే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వాళ్లూ అంధుల కిందే లెక్క.

ఇక మిగిలినవాళ్లకు శిక్షణ ఇంటి దగ్గరే. మనిషికి వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున, 12 వారాలు. కొండ దారిలో ఒక కార్యకర్త రోజుకు రెండిళ్లకు మించి వెళ్లలేరు. మూడో ఇల్లు కాగితం మీదే ఉంటుంది. వారానికి ఐదు రోజులంటే 10 సార్లు, అంటే ఒకరి చేతిలో ఒక విడతకు ఐదుగురు. ఇద్దరు కార్యకర్తలుంటే రెండు విడతల్లో, 24 వారాల్లో, 20 మందీ మిగిలినా, అందరికీ అవుతుంది. కోతలయ్యాక డిసెంబరులో మొదలుపెడితే వానలు పడేలోపు సరిపోతుంది. ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా ఆడమనిషి అయ్యుండాలి, ఒకరికి సవర భాష ఇంటి భాష అయ్యుండాలి. కుడి, ఎడమ, అంచు, పల్లం, ఆగు లాంటి మాటలు ఓ ముప్పై, ఎవరి భాషలో వాళ్లకు చెప్పగలగాలి. పెద్దవాళ్లకు కుడి ఎడమల కంటే తూర్పు పడమరలు తొందరగా అందుతాయి. పొద్దుటి ఎండ ఏ చెంపకు తగులుతోందో అడిగితే చాలు.

పాఠ్యప్రణాళిక అని పెద్దగా రాయక్కర్లేదు. ప్రతి మనిషికీ మూడు దారులు రాసుకోండి: ఇంటి నుంచి మరుగుదొడ్డికి, నీళ్లకు, పక్కింటికో దుకాణానికో. ఎవరి తోడూ లేకుండా మూడూ తిరిగొస్తే మొదటి మెట్టు అయినట్టే. దొడ్డి దారికి తాడు కట్టడం అందరికీ తట్టే ఆలోచన. రెండు వారాల్లో అది వేలాడుతుంది, దాని మీద బట్టలారేస్తారు, ఆవు తెంపుతుంది. నడుం ఎత్తున వెదురు బద్ద, రెండు మీటర్లకో గుంజ వేయండి.

కర్ర సంగతి కాస్త వివరంగా చెప్పాలి, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. అందరికీ ఒకే కొలత కర్రలు తెప్పించొద్దు. నేల నుంచి రొమ్ము ఎముక కింది కొస దాకా మామూలు కొలత. కొండ దారిలో వడిగా నడిచేవాళ్లకు చంక దాకా ఉంటే మేలు. మడత కర్ర బస్సులో బాగుంటుంది గానీ లోపలి ఎలాస్టిక్ వానకు తడిసి సాగిపోతుంది, అతుకుల్లో ఇసుక చేరి కర్ర లొడలొడలాడుతుంది. అప్పుడు నేల చప్పుడు చేతికి తెలియదు, కర్ర వల్ల అసలు లాభమే ఆ చప్పుడు. సన్నటి కొస రాళ్ల సందుల్లో ఇరుక్కుని పొట్టలో పొడుస్తుంది, అందుకే పుట్టగొడుగు ఆకారం కొసలు అడగండి. పది కర్రలకు ఇరవై కొసలు, కొంత ఎలాస్టిక్ అదనంగా ఉంచుకోవాలి. ఊరి వాడకానికి గట్టి సన్న వెదురు చాలు, కణుపులు నున్నగా చెక్కి తెల్ల రంగు వేసి, కింద జానెడు ఎరుపు వేయండి.

చదును దారిలో కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర కొస ఎడమ వైపు తగలాలి, ఎడమకాలికి కుడి వైపు. ఊపు భుజాల వెడల్పు కంటే అటూ ఇటూ రెండేసి అంగుళాలు దాటితే చాలు. గట్టు మీద ఊపడానికి చోటుండదు, కొసను ఒక అంచు వెంట జార్చుకుంటూ పోవాలి. పల్లానికి దిగేటప్పుడు కర్ర నిలువుగా పట్టి లోతు చూశాకే అడుగు. కర్రకు అందనిది తల ఎత్తు: చూరు, జీడికొమ్మ. రెండో చేతిని నుదుటి ముందు, అరచెయ్యి బయటికి పెట్టి నడవడం మొదటి రోజే నేర్పండి. ఇంటివాళ్లకు కూడా ఒక పాఠం ఉంది: రెక్క పట్టి లాక్కెళ్లకూడదు; చూపు లేని మనిషే వాళ్ల మోచెయ్యి పైన పట్టుకుని అరడుగు వెనక నడవాలి.

వంటలో కాలేది గంజి వార్చేటప్పుడు. అత్తెసరు పెట్టడం అలవాటు చేయిస్తే ఆ గండం తప్పుతుంది. గిన్నె పొయ్యి మీద కుదురుగా కూర్చుందో లేదో మంట పెట్టకముందే తడిమి చూడాలి, కొంగు నడుముకు దోపాలి.

బ్రెయిలీ 20 మందికీ అక్కర్లేదు. బడి పిల్లలకు, చదువుకున్న తర్వాత చూపు పోయినవాళ్లకు చాలు. సరిహద్దు ఊళ్లలో ఒక సౌకర్యం ఉంది: మన దేశ భాషలకు ఉమ్మడిగా ఉన్న భారతి బ్రెయిలీలో తెలుగు ‘క’కూ ఒడియా ‘క’కూ చుక్కలు ఒకటే, ఆరు చుక్కల గడిలో 1, 3. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అని భయపడక్కర్లేదు. తేడా వచ్చేది మన హ్రస్వాల దగ్గర. 1, 5 చుక్కలు తెలుగులో ‘ఏ’. ‘ఎ’కు 2, 6 వేరే ఉంది. ఒడియాలో ఈ రెండు రకాలు లేవు కాబట్టి ఒడియా మాస్టారు నేర్పిన పిల్లలు తెలుగు రాస్తే ‘ఎలుక’ ‘ఏలుక’ అవుతుంది.

డబ్బు గుర్తుపట్టడం సంతలోనే నేర్పాలి, పాతనోట్లు తగిలేది అక్కడే. కొత్త 100, 200, 500 నోట్లు మూడూ 66 మిల్లీమీటర్ల వెడల్పు, పొడవులో తేడా: 100కు 142, 200కు 146, 500కు 150. అట్టముక్క మీద గాట్లు పెట్టి కొలవడం బాగానే పనిచేస్తుంది గానీ, పాత 20 నోటు పొడవు 147, అంటే కొత్త 200తో కలిసిపోతుంది. పాత వందనోటు 157, కొత్త అయిదువందల కంటే పెద్దది. కాబట్టి అట్టకు వెడల్పు గాటు కూడా ఉండాలి: పాత 20 వెడల్పు 63, పాత 100 వెడల్పు 73. ఉబ్బెత్తు గుర్తుల్ని నమ్ముకోవద్దు, చేతులు మారేకొద్దీ అరిగిపోతాయి. ఫోనుంటే రిజర్వు బ్యాంకు ‘మణి’ యాప్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

కొవ్వొత్తులు మానేయండి. మైనం పట్నం నుంచి తేవాలి, కొనేవాళ్లు కొండ మీద లేరు. ఇంట్లో ఏ పని జరుగుతోందో అందులో భాగం ఇప్పించండి: చింతపండు గింజ తీయడం, అడ్డాకుల విస్తళ్లు కుట్టడం, కొండచీపుర్లు కట్టడం. చేత్తో తెలిసే పనులివి.

కాగితాల పని శిక్షణతో పాటే నడవాలి. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) దేశమంతా చెల్లుతుంది, ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను మాత్రం ఒడిశా చిరునామా ఉన్నవాళ్లకే; 80 శాతం, ఆపైన వైకల్యం ఉంటే నెలకు 3,500. బ్లాకులో భీమభోయి శిబిరం (వికలాంగుల కోసం ప్రభుత్వం పెట్టేది) జరిగే రోజు ముందే కనుక్కోండి. తెలుగు ఇళ్లలో అర్జీ ఆగిపోయేది పేరు దగ్గర: ఆధార్‌లో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా, బ్యాంకులో ఒడియా పద్ధతిలో చివర పూర్తిగా ఉంటుంది. అర్జీ పెట్టకముందే రెండూ ఒక్కలా చేయించాలి, తర్వాతైతే నెలలు పడుతుంది.

24 వారాలయ్యాక కార్యకర్తల్లో ఒకరినైనా ఏడాది పాటు నెలకోసారి తిరిగేలా ఉంచండి. అక్టోబరులో, వానలు వెనక్కి పట్టాక, మూడు దారులూ మళ్లీ నడిపించి చూడాలి: గట్టు తెగి ఉంటుంది, గెడ్డ దాటే రాయి కొట్టుకుపోయి ఉంటుంది, ఆనవాలుగా పెట్టుకున్న చెట్టు పడిపోయి ఉండొచ్చు.