పాఠకుల ప్రశ్నలు: అర్ధరాత్రి ఫుట్‌బాల్ ఫైనల్‌కు ఏం వండిపెట్టాలి?

ప్రశ్న: ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్ జూలై 19న అమెరికాలోని న్యూజెర్సీలో జరుగుతోంది. మనకు అది ఆదివారం అర్ధరాత్రి దాటాక 12.30కు మొదలవుతుంది. మా అబ్బాయి, అతని స్నేహితులు, మా తోడికోడలి పిల్లలు కలిసి పదిహేను మంది మా ఇంట్లోనే చూస్తామంటున్నారు. ఆ వేళప్పుడు మా ఊరికి పిజ్జాలు తెచ్చి ఇచ్చేవారు లేరు. వేడివేడిగా బజ్జీలు వేయమని పిల్లలు అడుగుతున్నారు. ఆట చూడాలని నాకూ ఉంది. తేలికగా ఏం చేసి పెట్టవచ్చో చెప్పండి.
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే నచ్చినది, ఆట చూడాలని మీకూ ఉందన్న మాట. అందుకే బజ్జీలు వద్దని ముందుగానే చెబుతున్నాను. బజ్జీ, పుణుగు, మైసూర్ బజ్జీ బాణలిలోంచి తీసిన కొద్ది నిమిషాల్లో తింటేనే బాగుంటాయి కనుక, పదిహేను మందికి వేయాలంటే ఒకరు పొయ్యి దగ్గరే నిలబడాలి. 2022 ఫైనల్‌లో 80వ నిమిషం దాకా అర్జెంటీనా 2–0తో ముందుండగా, ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె 80, 81 నిమిషాల్లో వరుసగా రెండు గోల్స్ కొట్టి లెక్క సరిచేశాడు. ఒక వాయ బజ్జీలు వేగేలోపే ఆట మొత్తం తారుమారయింది. అందువల్ల ఆ రాత్రి పెట్టేవన్నీ పన్నెండు గంటలకే సిద్ధమై, చల్లారినా రుచి తగ్గనివై, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా ఒక చేత్తో తినగలిగేవై ఉండాలి.

మీరు ఉన్నది అంబాజీపేటలో కనుక ఇందుకు తగిన వంటకం మీ ఇంటి ముంగిటే ఉంది. పొట్టిక్కలు చేయండి. అరకిలో మినపపప్పు నానబెట్టి, ఆదివారం ఉదయం రుబ్బి, కిలో ఇడ్లీ రవ్వ కలిపి ఉంచితే, మన కోనసీమ ఉక్కకు సాయంత్రానికి పిండి చక్కగా పులుస్తుంది. పనసాకులు నాలుగేసి తీసుకుని, కొబ్బరి ఈనె ముక్కలతో బుట్టలుగా కుట్టి, పిండి పొంగడానికి చోటుండేలా ముప్పాతిక వంతు మాత్రమే పోసి, ఆవిరి మీద దాదాపు అరగంట ఉడికించాలి. ఈ పిండితో సుమారు ముప్పై వస్తాయి. బుట్ట కుట్టే పని మీరొక్కరే నెత్తిన వేసుకోకుండా సాయంత్రం ఆ పిల్లలనే కూర్చోబెట్టండి. ఆకులోనే ఉడికి ఆకులోనే ఉండిపోతుంది కనుక పొట్టిక్క ఇడ్లీలా గట్టిపడదు. అర్ధరాత్రికి కూడా మెత్తగా ఉండి, పనసాకు వాసన ఇంకాస్త పట్టి ఉంటుంది.

పచ్చడి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మన ఇళ్లలో కొబ్బరి పచ్చడి లేనిదే ముద్ద దిగదు కానీ, నీళ్లు పోసి రుబ్బిన పచ్చికొబ్బరి పచ్చడి వానాకాలపు రాత్రి బయట ఉంటే తొందరగా పాడవుతుంది. దాని బదులు అల్లం పచ్చడి చేయండి, లేదా ఇంకా తేలిక దారి ఒకటుంది. పొట్టిక్క వేడిగా ఉన్నప్పుడే ఆకు పైభాగం కాస్త విప్పి, వేలితో చిన్న గుంట చేసి, చెంచాడు కారప్పొడి, దాని మీద నెయ్యి వేసి మళ్లీ ఆకు మూసేయండి. నెయ్యీ కారమూ లోపలికి ఇంకుతాయి. ప్లేటుతో గాని, పచ్చడి గిన్నెతో గాని పని ఉండదు.

రెండో వంటకంగా చింతపండు పులిహోర పెట్టుకోండి. నిమ్మకాయ పులిహోర కంటే ఇది ఎక్కువసేపు నిలుస్తుంది. కిలో బియ్యం పదిహేను మందికి సరిపోతుంది. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి, పసుపూ నూనే పట్టించాకే పులుసు కలపాలి. చివరలో మన గోదావరి పద్ధతిలో ఆవ పెట్టడం మరిచిపోకండి; ఆ ఘాటు పూర్తిగా దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది కనుక రాత్రి ఎనిమిదికి కలిపినది ఒంటిగంటన్నరకు అసలు రుచికి వస్తుంది. దానిని ముందే అడ్డాకు దొన్నెల్లో సర్ది ఉంచితే వడ్డన పని కూడా తప్పుతుంది.

ఇక ఏది ఎప్పుడు పెట్టాలన్నది ఆటే చెబుతుంది. మొదటి 45 నిమిషాల్లో ఎవరూ పెద్దగా తినరు, చేయి మాత్రం ఊరికే ఉండదు. అప్పటికి జంతికలు, పప్పుచెక్కలు, వేయించిన పల్లీలు చాలు. ఈసారి ఒక్కో సగంలో ఆటగాళ్లకు 3 నిమిషాల నీటి విరామం ఇస్తున్నారు కనుక మజ్జిగ గ్లాసులు అప్పుడు అందించవచ్చు. సగం ఆట అయ్యాక వచ్చే విరామంలోనే పొట్టిక్కలు, పులిహోర బయటికి తేవాలి. మరమరాల మసాలా చేయదలిస్తే ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర తరిగి విడిగా ఉంచుకుని, విరామంలోనే కలపండి. ముందే కలిపితే మరమరాలు మెత్తబడి ఎవరూ ముట్టరు.

అన్నీ విరామంలోనే ఖర్చు చేసేయకండి. 2006 నుంచి 2022 వరకు జరిగిన 5 ఫైనళ్లలో 4 అదనపు సమయానికి వెళ్లాయి. 2018లో ఒక్కసారే 90 నిమిషాల ఆటతో తేలింది. అదనపు సమయం 30 నిమిషాలు, ఆపైన పెనాల్టీలు వస్తే తెల్లవారుజామున మూడు దాటుతుంది. ఆ వేళకు మళ్లీ ఆకలి వేస్తుంది. డజను అరటిపండ్లు, ఒక డబ్బా చెక్కలు, బాగా వడకట్టి ఫ్లాస్కులో పోసిన అల్లం టీ దాచి ఉంచండి. వర్షాల రోజులు కనుక కరెంటు పోయే అవకాశం ఉంది. మిక్సీ పనులన్నీ పగలే ముగించుకోండి.

ప్రశ్న: మేము రొయ్యల చెరువులున్న వాళ్లం. అదే రాత్రి స్నేహితులకు రొయ్యలు పెట్టకపోతే బాగుండదు. చల్లారినా బాగుండేలా ఎలా చేయాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఇగురు వద్దు, వేపుడు చేయండి. పొట్టు, వీపు మీది నరం తీసిన రొయ్యలకు ఉప్పు, పసుపు పట్టించి, నూనె లేకుండా బాణలిలో వేస్తే వాటి నీరు అవే వదులుతాయి. ఆ నీరు ఇంకేదాకా పెద్ద మంట మీద ఉంచి వెంటనే తీసేయాలి. రొయ్య కొద్దిగా వంగితే ఉడికినట్లు; బిగుసుకుని సున్నాలా చుట్టుకుంటే రబ్బరైనట్లు. తర్వాత నూనెలో కరివేపాకు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద వేగాక రొయ్యలు, కారం, ధనియాల పొడి వేసి రెండు మూడు నిమిషాలు తిప్పి, దించాక నిమ్మరసం పిండండి. ఇక్కడ ఒక్క హెచ్చరిక తప్పదు: వండిన రొయ్యలు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. కాబట్టి మొదటి దశ సాయంత్రమే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, తాలింపు పని రాత్రి పన్నెండుకు పూర్తి చేయండి. ఒక్కో రొయ్యకు ఒక టూత్‌పిక్ గుచ్చి ఇస్తే చేతులకు నూనె అంటదు.

పులస దొరికినా ఆ రాత్రికి వద్దు. ముళ్లు ఏరుకుంటూ, నిదానంగా, వెలుతురులో తినాల్సిన చేప అది.

ప్రశ్న: అతిథులకు పూతరేకులు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ఆత్రేయపురం పక్కనే ఉన్నారు కనుక మీ కోరిక సహజమే. కానీ గోల్ పడగానే అందరూ లేచి గంతులు వేసే చోట పూతరేకు చేతిలోనే నలిగి, పంచదార పొడి చాప నిండా రాలుతుంది. మడత కాజా పాకం కూడా వేళ్లకు అంటుకుంటుంది. బెల్లంతో కొబ్బరి లౌజు చేసి, చిన్న ముక్కలుగా కోసి పెట్టండి. శనివారం చేసినా చెడిపోదు. పూతరేకులు కాగితం విప్పకుండా పక్కన ఉంచి, కప్పు అందించే వేళకు తీయండి.