అప్పుల దేశం ఉమ్మడి కరెన్సీ వదిలేస్తే?

ప్రశ్న: గ్రీసు యూరో వదిలేసి పాత డ్రాక్మాకు పోయి ఉంటే బాగుపడేదంటారు. నోట్లు సొంతంగా అచ్చేసుకుంటే అప్పు తీరదా?
డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: అప్పు సొంత నోటులో రాసి ఉంటేనే తీరుతుంది. అందుకే ముందు కాగితం చూడాలి. ఏ కరెన్సీలో, ఏ దేశపు చట్టం కింద రాశారు? అప్పుల సంక్షోభంలో ఉన్న 2010లో గ్రీసు బాండ్లలో (ప్రభుత్వ అప్పు పత్రాల్లో) చాలావరకు గ్రీసు చట్టం కిందివే. పార్లమెంటు తలచుకుంటే డ్రాక్మాల్లోకి మార్చగలిగేది. కానీ అప్పుడు వడ్డీ పక్కన పెట్టినా బడ్జెట్‌లో పెద్ద లోటు. ఎగ్గొట్టిన మర్నాడు జీతాలకు అప్పు ఎవరిస్తారు? 2014 నాటికి వడ్డీ కాక బడ్జెట్ దాదాపు సరితూగింది. ఈలోపు 2012 మార్చిలో అప్పిచ్చిన ప్రైవేటువాళ్ళు అసలులో 53.5 శాతం వదులుకుని, ఇంగ్లండు చట్టం కింద యూరో బాండ్లు తీసుకున్నారు. మిగతా అప్పులో ఎక్కువ భాగం యూరప్ దేశాలకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)కి కట్టాల్సింది. అది గ్రీసు చట్టానికి లొంగదు.

ఇక లెక్క. మొదటిరోజు డ్రాక్మా, యూరో సమానం అనుకోండి. 100 యూరోల అప్పు 100 డ్రాక్మాలు. డ్రాక్మా విలువ సగానికి పడితే 200. పన్నులు వచ్చేది మాత్రం డ్రాక్మాల్లోనే. మిర్యాలగూడ మిల్లరు డాలర్లలో అప్పు తెచ్చి, బియ్యం ఇక్కడే రూపాయలకు అమ్ముకున్నట్టు. పర్యాటకులు పెరుగుతారు, నిజమే. దిగుమతి చేసుకునే చమురు, మందుల ధరా పెరుగుతుంది.

మార్పిడి ఇంకో తంటా. 1993 ఫిబ్రవరిలో చెక్, స్లోవాక్ దేశాలు విడిపోయాక పాత నోట్లకే స్టాంపులు అంటించి వాడుకున్నాయి. గ్రీసులో అది నడవదు. స్టాంపు లేని యూరోకే విలువ ఎక్కువైతే ఎవడు అంటించుకుంటాడు? బీరువాలో దాస్తాడు. కొత్త నోట్ల అచ్చుకు నెలలు పడుతుంది. 2016లో మన కొత్త 2000 నోటు సైజు మారినందుకే ఏటీఎంల లోపలి క్యాసెట్లు సరిచేసేదాకా ఎన్ని తిప్పలు పడ్డామో తెలిసిందే. గ్రీసు యూరో వదలకుండానే, వదులుతుందేమోనన్న భయానికే జనం డబ్బు లాగేశారు. 2015 జూన్ చివర బ్యాంకులు మూసి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలకు కట్టడి పెట్టారు.

అందుకే మా ఓటు యూరోలో ఉంటూనే అప్పు కోత అడగడానికి. ఆ కోత 2012లో కాక 2010లోనే జరిగి ఉంటే సగం కష్టం తప్పేది.

ప్రశ్న: నిజాం రాజ్యంలో హాలి సిక్కా అనే సొంత రూపాయి ఉండేది కదా. దాన్ని కలిపేసినప్పుడు ఈ గొడవలెందుకు రాలేదు?
పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: అక్కడ జరిగింది చేరడం, విడిపోవడం కాదు. 7 హాలి రూపాయలకు 6 భారత రూపాయలన్న రేటు అందరికీ తెలుసు. దాచినా లాభం లేదు. తొందర కూడా పెట్టలేదు. 1951లో హాలి ముద్రణ ఆగినా, చెల్లుబాటు 1959 దాకా ఉంది. పైగా ఢిల్లీ పన్నుల్లో రాష్ట్రానికి వాటా వస్తుంది. యూరో దేశాలకు ఆ స్థాయి ఉమ్మడి ఖజానా లేదు.