మిత్రదేశాలు, మా తాతయ్య పానా

"రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్, రష్యా, చైనా, ఇన్ని దేశాలు కలిసి ఎలా ప్లాన్ చేసుకున్నాయి? నిజంగా ఒకరి మాట ఒకరు వినేవారా?" అని అడిగారు.

వినేవారు కాదండీ. వినకపోయినా పని ఆగకుండా ఓ ఏర్పాటు చేసుకున్నారు, అంతే. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. ఇరవై రెండేళ్ళు ఆర్మీలో, ఈఎంఈలో, బళ్ళు బాగుచేసి వచ్చినవాణ్ణి. నా జవాబుకి కాస్త గ్రీజు అంటుకుని ఉంటుంది, ఏమీ అనుకోకండి.

మాది తాడేపల్లిగూడెం దగ్గర ఓ పల్లె. ఇంటింటా సైనికులున్న ఊరు, మిలిటరీ మాధవరం పేరు వినే ఉంటారు. మాది ఆ ఊరు కాదుగానీ ఆ గాలి మా ఊరికీ తగిలింది. మా తాతయ్య 1944లో దిమాపూర్ నుంచి ఇంఫాల్ వెళ్ళే కొండదారిలో పటాలం లారీ తోలాడు. యుద్ధం నుంచి ఇంటికి తెచ్చుకున్నవి మూడు: ఒక రేకుపెట్టె, మలేరియా, ఒక పానా. పానా మీద 3/8 అని ఉంటుంది. నోరు కొలిచి చూస్తే దానికి దాదాపు రెట్టింపు. 17 నంబరు నట్టుకి వదులు, 19 నంబరుకి దూరదు. ఇంట్లో ఏ సామానుకీ పట్టేది కాదు. మామ్మ దాంతో కొబ్బరికాయలు కొట్టేది.

నేను సికింద్రాబాద్‌లో ట్రైనింగ్‌కి వెళ్ళాకగానీ ఆ చిక్కు విడలేదు. అక్కడ ఉస్తాద్ ఒకాయన చెప్పాడు: అది విట్‌వర్త్ పానా, బ్రిటిష్ వాళ్ళది. వాళ్ళు పానా మీద బోల్టు లావు రాస్తారు, అమెరికా వాళ్ళు నట్టు వెడల్పు రాస్తారు. అక్కడితో అయిపోలేదు. బ్రిటిష్ బోల్టు మర, అంటే దాని ఒంటి మీది గాడి, కోణం 55 డిగ్రీలు, అమెరికాది 60. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాన్లో ఒకటి బిగిస్తే సరిగ్గా కూర్చోదు, బలవంతం చేస్తే మర చెడిపోతుంది. తాతయ్య తోలిన లారీ కెనడాలో చేసిన షెవ్రొలే, అంటే అమెరికా మరలు. వర్క్‌షాపులో ఇచ్చిన పనిముట్లేమో బ్రిటిష్‌వి. మిత్రదేశాల కూటమి అంటే నాకు ముందు గుర్తొచ్చేది చర్చిల్, రూజ్‌వెల్ట్, స్టాలిన్ కుర్చీలేసుక్కూర్చున్న ఆ యాల్టా ఫోటో కాదు, ఈ పానా. రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్‌ని అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ చేసిపెట్టినప్పుడు కూడా బ్రిటిష్ మరలే కొయ్యాల్సొచ్చింది. లేకపోతే ఇంగ్లండ్‌లో విమానానికి అతకదు మరి. అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని మూడు దేశాలకీ ఒకే మర ఉండాలని ఒప్పుకుంది ఎప్పుడో తెలుసా? 1948 నవంబర్‌లో. అంటే యుద్ధం ముగిసిన మూడేళ్ళకి!

ఇక మీ ప్రశ్న. అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన రెండు వారాలకి, 1941 డిసెంబర్ ఆఖర్లో, చర్చిల్ తన సేనాధిపతుల్ని వెంటేసుకుని వాషింగ్టన్‌లో దిగాడు. ముందు జర్మనీ సంగతి, తర్వాత జపాన్ సంగతి అని అక్కడే ఖాయం చేశారు. రెండు దేశాల సేనాధిపతులూ కలిసి కూర్చునే ఓ కమిటీ పెట్టారు, కంబైన్డ్ చీఫ్స్ ఆఫ్ స్టాఫ్ అని. రష్యా అందులో లేదు, చైనా లేదు. లక్షలమందిని పంపిన మన ఊసే లేదు. మన తరఫున 1939లో యుద్ధం ప్రకటించింది కూడా వైస్రాయే, మనవాళ్ళని ఒక్క మాట అడక్కుండా.

ఆ చర్చల్లో ఓ తమాషా జరిగింది. బ్రిటిష్ వాళ్ళు ఒక కాగితాన్ని "టేబుల్" చేద్దామన్నారు. వాళ్ళ ఇంగ్లీషులో దానర్థం వెంటనే చర్చకు పెడదామని. అమెరికా ఇంగ్లీషులో పక్కన పడేద్దామని. ఇద్దరికీ కావాల్సింది ఒకటే అయినా చాలాసేపు కొట్టుకున్నారు. ఈ సంగతి చర్చిలే రాసుకున్నాడు. ఒకే భాష వాళ్ళే ఇలా ఉంటే, అదే సమయంలో జావాలో అమెరికా, బ్రిటన్, డచ్, ఆస్ట్రేలియా నౌకల్ని కలిపి ఒక దండు చేశారు. కలిసి ఒక్క రోజు సాధన చేసింది లేదు, అందరికీ ఒకే సిగ్నల్ పుస్తకం లేదు. డచ్ అడ్మిరల్ డోర్‌మన్ ఆజ్ఞ ఇస్తే అది ఇంగ్లీషులోకి మారి మిగతా నౌకలకి చేరాలి. 1942 ఫిబ్రవరి 27న జావా సముద్రంలో జపాన్ వాళ్ళు చావుదెబ్బ కొట్టారు. డోర్‌మన్ తన నౌకతోపాటే మునిగిపోయాడు.

చదివేవాళ్ళకి ఇదంతా వింతగా ఉంటుంది. నాకు ఉండదు, ఎందుకంటే నేనోసారి దాని మధ్యలో నించున్నాను.

ఆఫ్రికాలో ఒక శాంతిదళం. దేశం పేరూ ఏడాదీ చెప్పను. వానాకాలం, మన రేగడి నేల నయమనిపించే ఎర్ర బురద. రేషన్ లారీలు మావి, కాపలాగా వచ్చిన కవచం బండి ఇంకో దేశానిది, పైనుంచి రేడియోలో ఆజ్ఞలిచ్చేది మూడో దేశం ఆఫీసరు. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కవచం బండి జారి కాలవలో పడింది. మా రికవరీ బండి నా చేతిలోనే ఉంది. బండిని లాగే ఇనుప కడ్డీ, టో బార్, పట్టుకెళ్ళి చూస్తే మా పిన్ను వాళ్ళ కొక్కెం కంతలో దూరదు. తేడా రెండంటే రెండు మిల్లీమీటర్లు.

పిన్ను అరగదీసి లాగేద్దాం అన్నాను. ఆగమన్నారు. ఏ దేశం బండికి ఆ దేశానికి నెలకింతని అద్దె ముడుతుంది అక్కడ. ఇంకో దేశం మెకానిక్ చెయ్యి పడి ఏదన్నా విరిగితే ఎవరు కట్టాలి? ఈ ప్రశ్న మీద రేడియోలో నాలుగు గంటలు నడిచింది. బురదలో నించున్న వాళ్ళం నలభైమందిమి, జవాబు చెప్పాల్సినవాళ్ళు ఏసీ గదిలో. వాళ్ళ మెకానిక్ ఒక కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. వాడి భాష నాకు రాదు, నా హిందీ వాడికి రాదు. పుల్ల తీసుకుని బురదలో ఓ గుండ్రం గీశాడు, దాని లోపల చిన్న గుండ్రం గీశాడు, నా మొహంలోకి చూశాడు. నేను తలూపాను.

మా స్పేర్ పిన్ను తీశాం. గ్రైండర్ నాది, కరెంటు వాడి జనరేటర్‌ది. తీరా చూస్తే మన ప్లగ్గు వాళ్ళ సాకెట్‌లో పట్టదు! తీగలు ఊడదీసి అగ్గిపుల్లలతో సాకెట్‌లో దోపాను. మనిళ్ళలో అందరం చేసేదే కదా. వాడు అది చూసి నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. ముప్పావు గంటలో పిన్ను దూరింది, చీకటి పడకముందే బండి రోడ్డెక్కింది. అనుమతి మర్నాడొచ్చింది. ఆ తర్వాత స్టోర్ లెక్కలో ఒక టో పిన్ను తగ్గిందని నన్ను సంజాయిషీ అడిగారు. నాలుగు కాగితాలు రాశాను. యుద్ధమైనా శాంతైనా కాగితానికి మాత్రం ఎప్పుడూ ఆకలే.

అందుకే నేననేది, పైన సంతకాలు పెట్టినవాళ్ళ కంటే మధ్యలో అతికినవాళ్ళ గురించి చదవండి. సర్ జాన్ డిల్ అని బ్రిటిష్ సేనాని ఒకాయన. చర్చిల్‌కి ఈయన పొడగిట్టదు. వాషింగ్టన్ పంపేశాడు. అక్కడ అమెరికా సేనాధిపతి మార్షల్‌కి ఆప్తుడైపోయాడు. మార్షల్‌కీ, లండన్‌లో బ్రిటిష్ సేనాధిపతి బ్రూక్‌కీ అస్సలు పొసగదు. 1942 నుంచే ఫ్రాన్స్‌లో దిగిపోదామని మార్షల్, ముందు మధ్యధరా అని బ్రూక్. ఒకరి కోపాన్ని చల్లార్చి ఇంకొకరికి చేరవేసేది డిల్లే. 1944 నవంబర్‌లో పోతే, పరాయి దేశం సేనానిని అమెరికా వాళ్ళు తమ వీరుల ఆర్లింగ్టన్ శ్మశానంలో పాతిపెట్టుకున్నారు. చర్చిల్ మీద ఇన్ని వీడియోలున్నాయి యూట్యూబ్‌లో, డిల్ మీద తెలుగులో ఒక్కటి చూపించండి చూద్దాం. మనవాళ్ళకి హిట్లర్ చివరి రోజులు, హిట్లర్ రహస్య ఆయుధాలు కావాలి. అవే తిప్పి తిప్పి వేస్తారు, వెనకాల డప్పులూ ఉరుములూ.

ఈ తగువులన్నీ దేని మీదో తెలుసా? సిద్ధాంతాల మీద అనుకుంటారు చాలామంది. పడవల మీదండీ. టాంకుల్ని నేరుగా ఒడ్డుకి దించే ఎల్‌ఎస్‌టీ అనే ఓడలు ప్రపంచం మొత్తానికి చాలినన్ని లేవు. 1943 నవంబర్‌లో కైరోలో రూజ్‌వెల్ట్ చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌కి మాటిచ్చాడు, బంగాళాఖాతంలో సముద్రం మీంచి దాడి చేస్తామని. ఎక్కడనుకున్నారు? మన అండమాన్ మీద. అప్పటికి అండమాన్ జపాన్ చేతిలో ఉంది. కైరో నుంచి టెహ్రాన్ వెళ్ళి స్టాలిన్‌తో కూర్చున్నారు. 1944లో ఫ్రాన్స్‌లో దిగాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. తిరిగొచ్చాక డిసెంబర్ మొదటివారంలోనే అండమాన్ దాడి రద్దు, పడవలు యూరప్‌కి. ఇన్ని చేసినా నార్మండీ దాడి మేలో అనుకున్నది జూన్ 6కి జరిగింది. దానితోపాటే చెయ్యాలనుకున్న దక్షిణ ఫ్రాన్స్ దాడి ఆగస్టు 15కి పోయింది. అండమాన్ జనం మాత్రం 1945 అక్టోబర్ దాకా నలిగారు. ఓడల కరువుకి మూల్యం అక్కడితో తీరలేదు. బెంగాల్ కరువులో ముప్పై లక్షలమంది దాకా పోయారని లెక్క. తిండిగింజలకి ఓడలివ్వమంటే లండన్ చెయ్యి బిగించింది. ఆఖరికి 1944లో చర్చిల్ ఆస్ట్రేలియా గోధుమలకి ఓడలడిగితే అమెరికా ఇవ్వలేమంది. ప్లానింగ్ అద్భుతమని రాసే పుస్తకాలు ఈ పేజీ దగ్గర గబగబా తిప్పేస్తాయి.

మా తాతయ్య ఉన్న వైపు అయితే ఇంకా గందరగోళం. బీహార్ రామ్‌గఢ్‌లో (ఇప్పుడు జార్ఖండ్) చైనా సైనికులకి అమెరికా వాళ్ళు ట్రైనింగ్ ఇచ్చారు. మనుషులు చైనావాళ్ళు, తుపాకులు అమెరికావి, తిండీ జీతం బ్రిటిష్ ఇండియా ఖాతాలోంచి. వాళ్ళ మీద అమెరికా జనరల్ స్టిల్‌వెల్. బ్రిటిష్ వాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట. బ్రిటిష్ జనరల్ గిఫర్డ్ కింద పని చెయ్యనని, అక్కడి మిత్రసేనలన్నిటికీ పెద్ద అయిన మౌంట్‌బాటన్ ఎదుటే మొండికేశాడు. గంటలకొద్దీ వాదన. చివరికి లేచి, బర్మాలోని కామైంగ్ చేరేదాకా స్లిమ్ కింద చేస్తానన్నాడు. ఆ స్లిమ్ ఎవరు? గిఫర్డ్ కిందివాడు! పెదనాన్న మాట వినను, ఆయన కొడుకు చెప్తే వింటా అన్నట్టు. మౌంట్‌బాటన్ సరేనన్నాడు. పని నడిచింది కూడా.

1944లో జపాన్ సేన కోహిమా దగ్గర దారి కోసేస్తే ఇంఫాల్‌లో ఉన్నవాళ్ళకి తిండీ గుళ్ళూ విమానాల్లోనే. చైనాకి సరుకు మోస్తున్న అమెరికా విమానాల్లో కొన్నిటిని మౌంట్‌బాటన్ ఇటు మళ్ళించాడు. వాషింగ్టన్ గొణిగింది, అయినా ఇచ్చింది. జూన్ 22న దిమాపూర్ నుంచి 109వ మైలురాయి దగ్గర రెండు వైపుల నుంచీ వచ్చిన సైన్యాలు కలిసి దారి తెరుచుకుంది. ఆ తర్వాత వారంలో వెళ్ళిన లారీల్లో తాతయ్యది ఒకటి. మిత్రదేశాలన్నీ కలిసి ఎలా ఉండేవారు తాతయ్యా అని చిన్నప్పుడు అడిగితే, "కలిసెక్కడరా, ఎవడి టీ వాడిదే" అన్నాడు. కాసేపాగి, "పానా మాత్రం అడిగితే ఇచ్చేవాళ్ళు" అన్నాడు.

రూజ్‌వెల్ట్ కూడా 1940 డిసెంబర్‌లో అదే చెప్పాడు. పక్కింటికి నిప్పంటుకుంటే నీళ్ళ గొట్టం ఇస్తాం, ముందు డబ్బులు తియ్యమని అడగం, మంట ఆరాక గొట్టం తిరిగిస్తే చాలని. ఆ లెక్కన లెండ్ లీజ్ పేరుతో దాదాపు 5,000 కోట్ల డాలర్ల సరుకు వెళ్ళింది. రష్యాకి వెళ్ళిన లారీలే మూడున్నర లక్షలకు పైన, వాటిలో స్టూడ్‌బేకర్ల వీపుల మీద వాళ్ళు కత్యూషా రాకెట్లు బిగించుకున్నారు. గొట్టం కథ విన్నంత తియ్యగా లెక్క ముగియలేదు లెండి. యుద్ధం అయ్యాక అమెరికా దగ్గర చేసిన అప్పుకి బ్రిటన్ చివరి వాయిదా కట్టింది 2006 డిసెంబర్‌లో.

పానా సంగతి చెప్పి ఆపేస్తా. మొన్న గూడెంలో పాత బుల్లెట్ బైకులు బాగుచేసే ఓ మెకానిక్ షెడ్డుకి ఏదో పని మీద వెళ్ళాను. మద్రాసులో చేసిన పాత బుల్లెట్లకి బ్రిటిష్ మరలేనట, నాకే తట్టలేదు ఇన్నాళ్ళూ. ఇంటికెళ్ళి పానా తెచ్చాను. అతను వెనక చక్రం దగ్గరో నట్టుకి పెడితే టక్కున కూర్చుంది. అమ్మమన్నాడు, అమ్మనన్నాను. పోనీ వారం ఉంచండి, ఇచ్చేస్తానన్నాడు. మూడు వారాలైంది. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు.