ట్రాఫ్‌లో లైను మాయమవడం, టేబుల్ చెదరడం: సమాధానం

మీ రిపోర్టులో ‘.నెట్’తో మొదలైన లైను మాయమైందని, టేబుల్ కలగాపులగంగా వచ్చిందని, అక్షరాల సైజు 12 చేసినా మారలేదని రాశారు. మూడూ వేర్వేరు కారణాలు.

ట్రాఫ్ అనేది ఆదేశాలు కలిపి రాసిన టెక్స్టును అచ్చుకు కూర్చే ప్రోగ్రాం. దానికి లైను మొదట్లో చుక్క కనిపిస్తే అది ఆదేశమే. ‘నెట్’ అనే మాక్రో (పేరు పెట్టిన ఆదేశాల కట్ట) లేదు కాబట్టి చప్పుడు చేయకుండా ఆ లైను మొత్తం వదిలేసింది. చుక్క ముందు \& పెట్టండి: \&.నెట్. ఆ \& గుర్తు అచ్చులో కనిపించదు, చోటూ తీసుకోదు. సింగిల్ కోట్‌తో మొదలయ్యే లైనుకీ ఇదే మందు. ఎడిటర్ లైన్లు విరిచినప్పుడు మధ్యలో చుక్కతో ఉన్న మాట లైను మొదటికి జరిగి, నిన్నటిదాకా బాగున్న ఫైలు ఇవాళ పాడవుతుంది. అందుకే ప్రతి వాక్యాన్నీ కొత్త లైనులో మొదలుపెట్టడం చాలా మంచి అలవాటు. జీ-రాఫ్‌కి (groff, ట్రాఫ్‌కి గ్నూ రూపం) మైనస్ డబ్ల్యూడబ్ల్యూ (-ww) ఇస్తే ఇలాంటివి హెచ్చరికలుగా బయటపడతాయి.

టేబుల్‌ని ముందుగా టీబీఎల్ (tbl) అనే వేరే ప్రోగ్రాం చదవాలి. కమాండులో మైనస్ ఎంఎస్‌కి (-ms, ఎంఎస్ మాక్రోల సెట్టును వాడమనే గుర్తు) ముందు మైనస్ టీ (-t) చేర్చండి, చాలు.

అక్షరాల సైజును దాచుకునే రిజిస్టరు పీఎస్ (PS)లో చేసిన మార్పు తర్వాతి పేరా మాక్రో దగ్గరే అమల్లోకి వస్తుంది. దాన్ని ఫైలు మొదట్లోనే పెట్టి, లైన్ల మధ్య ఎడాన్ని చెప్పే రిజిస్టరు వీఎస్ (VS)ని 14 చేయండి. లేకపోతే మామూలు 12 పాయింట్ల ఎడంలో లైన్లు ఇరుక్కుంటాయి.

తెలుగు పేరాలకు మాత్రం జీ-రాఫ్ వద్దు, ఒత్తులు కూర్చలేదు. వాటికి జీలాటెక్ (XeLaTeX) అనే మరో కూర్పు ప్రోగ్రాం వాడండి.