కొత్త జబ్బు వచ్చిన మొదటి మూడు వారాల్లో ఊరు చేయాల్సిన పని, చేసి లాభం లేని పని

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: హన్మకొండకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఎనిమిది వందల గడపల ఊరు. 2020లో పొలిమేరలో ముళ్లకంపలు వేశారు, గల్లీ గల్లీకి మందు కొట్టారు, అయినా జబ్బు ఆగలేదు. మళ్లీ అలాంటిది వస్తే మొదట్లో పంచాయతీ ఏం చేయాలి, సర్కారును ఏం అడగాలి?

మొదటి మూడు వారాల్లో నిజంగా పనికొచ్చేవి రెండే. ఎవరు ఎవరిని కలిశారో రాసుకున్న రిజిస్టరు ఒకటి. ఇంట్లోనే ఉండమన్న వాళ్ల గడపకు చేరే సరుకులు రెండోది. కంప వేయడం, మందు కొట్టడం కంటికి కనబడే పనులు, ఫొటోకు బాగుంటాయి. అందుకే అందరూ ముందు వాటి మీదే పడతారు.

ముందు ఒక లెక్క తెలియాలి. "మండలంలో ఒక పాజిటివ్" అనే వార్త ఎప్పుడూ పాతదే. కరోనాలో అంటుకున్నాక లక్షణాలు బయటపడటానికి సగటున అయిదు రోజులు. ఆ తర్వాత మనిషి నేరుగా పీహెచ్‌సీకి పోడు. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, రెండు రోజుల గోళీలు, తగ్గకపోతే అప్పుడు ఆస్పత్రి. శాంపిల్ తీసి రిజల్ట్ వచ్చేసరికి ఇంకో రెండు రోజులు. 2020 మార్చిలో అయితే వరంగల్ శాంపిళ్లు కూడా హైదరాబాద్ పోవాల్సిందే. అంతా కలిపితే పది రోజులు. నాలుగు రోజులకోసారి రెట్టింపయ్యే జబ్బు పది రోజుల్లో అయిదింతలు దాటుతుంది. అంటే ఒకటి అని విన్న రోజున ఆ చుట్టుపక్కల అయిదారుగురు ఇప్పటికే తిరుగుతున్నారని లెక్క. "మన ఊళ్లో ఇంకా లేదు కదా" అని ఆగేది ఇక్కడే, దెబ్బ తినేదీ ఇక్కడే. ఈ పది రోజుల్లో కొన్ని రోజులు తగ్గించగలిగేది ఊళ్లోని ఆర్‌ఎంపీలు, మెడికల్ షాపుల వాళ్లే. 2020 ఏప్రిల్‌లో జ్వరం, దగ్గు గోళీలు కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాయమని రాష్ట్రంలో షాపులకు చెప్పారు. మంచి ఆలోచన. కానీ ఆ చిట్టా ఏ రోజుకారోజు ఏఎన్ఎం చేతికి రాకపోతే అది ఉత్త కాగితమే. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి పేర్లు తీసుకునే మనిషి ఒకరు ఉండాలి.

ఇక రిజిస్టరు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. పేరు, ఇంటి నంబరు, ఫోన్, పాజిటివ్ వచ్చిన మనిషిని చివరిసారి కలిసిన తేదీ, ఎక్కడ, ఎంతసేపు, ఇంట్లో ముసలివాళ్లు, గర్భిణి, బీపీ, షుగర్, డయాలసిస్ ఉన్నారా, గడువు ముగిసే తేదీ. ఎక్కువ తప్పులు జరిగేది తేదీ దగ్గర. కరోనాలో కలిసినవాళ్లను విడిగా ఉంచిన పద్నాలుగు రోజులు లెక్కపెట్టాల్సింది పేరు రాసుకున్న రోజు నుంచి కాదు, చివరిసారి కలిసిన రోజు నుంచి. అదే ఇంట్లో ఇంకొకరికి పాజిటివ్ వస్తే వాళ్లతో కలిసి ఉన్నవాళ్లకు లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇది ముందే చెప్పకపోతే పదమూడో రోజున పెద్ద గొడవ.

అడిగే తీరు కూడా ఒక పనితనమే. "ఎవరెవరిని కలిశావు?" అంటే "ఎవరినీ కలవలేదు" అంటారు. లక్షణాలు మొదలైన రోజుకు రెండు రోజుల ముందు నుంచి, పొద్దు పొద్దుగా అడగాలి. ఆ రోజు పొద్దున చాయ్ ఎక్కడ తాగారు? పొలానికి ఎవరి బండి మీద పోయారు? ఆటోలో ఎందరు కూర్చున్నారు? కటింగ్ షాపుకు పోయారా? ఎవరి దినాలకైనా పోయారా, అక్కడ బంతిలో పక్కన ఎవరు కూర్చున్నారు? సాయంత్రం కల్లు దగ్గర ఎవరున్నారు? ఆర్‌ఎంపీ దగ్గర బెంచీ మీద ఇంకెవరున్నారు? ఇలా అడిగితే మూడు పేర్లు వచ్చే చోట పాతిక వస్తాయి. రెండు గజాల లోపు పదిహేను నిమిషాలకు మించి కూర్చున్నవాళ్లు ముందు వరుస. దారిలో పలకరించి పోయినవాళ్లు తర్వాత. అందరినీ ఒకే గాటన కడితే పాతిక మంది జాబితా రెండు వందలవుతుంది, ఆశా కార్యకర్త మోయలేదు. అడిగేది పాజిటివ్ వచ్చిన మనిషి నమ్మే ఆడమనిషైతే ఇంకా మంచిది. పోలీసు పక్కన నిలబడితే మాత్రం జ్ఞాపకశక్తి పోతుంది.

కరీంనగర్ 2020లో బయటపడిందీ ఈ పనితోనే. మార్చి 14న అక్కడికి వచ్చిన పదిమంది ఇండోనేషియా వాళ్లలో చాలామందికి 17, 18 తేదీల్లో పాజిటివ్ తేలింది. వాళ్లు తిరిగిన చోటు చుట్టూ మూడు కిలోమీటర్ల పరిధి గీసి, బృందాలుగా ఇంటింటికీ పోయి జ్వరం, దగ్గు అడిగారు, కలిసినవాళ్లను విడిగా ఉంచారు. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది మార్చి 25న. కరీంనగర్ పని అంతకు వారం ముందే మొదలైంది. ఊరంతా మూయడం కంటే ఊళ్లో ఎవరెవరో తెలుసుకోవడం ముందు జరిగింది.

పరీక్ష సంగతి. కలిసిన మర్నాడే పరీక్ష చేయించుకుని "నెగెటివ్ వచ్చింది" అని ఊరంతా తిరగడం మామూలే. కరోనాలో లక్షణాల్లేని కాంటాక్టుకు అయిదో రోజు తర్వాతే పరీక్ష పెట్టింది ఊరికే కాదు, అంతకు ముందు వైరస్ ముక్కులో దొరక్కపోవచ్చు. రెండో రోజు నెగెటివ్‌కు విలువ లేదు.

రెండో సగం, జనం సాధారణంగా వదిలేసేది, సరుకులు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంటిని పద్నాలుగు రోజులు కదలొద్దంటే మూడో రోజున వెనక గోడ దూకుతారు. ఆ తప్పు వాళ్లది కాదు. అయిదుగురి ఇంటికి పద్నాలుగు రోజుల లెక్క ఇలా ఉంటుంది: మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున 28 కిలోల బియ్యం, కందిపప్పు మూడున్నర కిలోలు, నూనె రెండు లీటర్లు, కారం, చింతపండు, ఉప్పు, రోజుకో అర లీటరు పాల ప్యాకెట్, మూడు రోజులకోసారి కూరగాయలు, రెండు స్ట్రిప్పుల పారాసిటమాల్ 500, పది ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బీపీ, షుగర్ గోళీలు వాడేవాళ్లుంటే పద్నాలుగు రోజులకు సరిపడా. ఆడవాళ్లకు ప్యాడ్లు ఎవరికీ గుర్తుండవు, రాసుకోండి. 2020లో రాష్ట్రం తెల్లకార్డు ఇంటికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ 12 కిలోలు నెలకు లెక్కేస్తే రోజుకు అదే 400 గ్రాములు. బియ్యం లెక్క సరిగ్గానే ఉంది, కూర లెక్క ఎవరూ వేయలేదు. సరుకులు గేటు దగ్గర పెట్టి, పిలిచి, పక్కకు జరగాలి. ఫొటోలు తీసి గ్రూపులో పెట్టొద్దు. ఒక్క ఫొటో పడితే తర్వాతి ఇంటివాళ్లు జ్వరం దాచిపెడతారు.

ముద్ర వేసి వదిలేస్తే ఏమవుతుందో కాజీపేటలోనే చూశాం. విదేశాల నుంచి వచ్చినవాళ్ల చేతి మీద క్వారంటైన్ ముద్ర వేసి ఇంటికి పొమ్మన్నారు. 2020 మార్చి 21న అలాంటి ముద్ర ఉన్న మనిషి భార్యతో కలిసి రాజధాని ఎక్స్‌ప్రెస్‌ రైల్లో ఢిల్లీ పోతుంటే తోటి ప్రయాణికులు చేయి చూసి గోల చేశారు, ఇద్దరినీ కాజీపేటలో దింపారు. ముద్ర మనిషిని ఆపలేదు. ఇంటిదాకా చేర్చే బండి, ఇంటి దగ్గర చూసే మనిషి ఉంటే ఆగేవాడు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా ఉన్న జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఒక్క గది ఇళ్లవాళ్లకు ఇంట్లో విడిగా ఉండటం కుదరదు, అప్పుడు బడి తెరవాలి. ఇరవై అడుగుల చదరపు తరగతి గదిలో మంచానికీ మంచానికీ రెండు మీటర్లు వదిలితే నాలుగు మంచాలే పడతాయి. పది వేస్తే అది క్వారంటైన్ కాదు, అంటించే కేంద్రం. లక్షణాలున్నవాళ్లనూ ఊరికే కాంటాక్టులైనవాళ్లనూ ఒకే గదిలో పెట్టొద్దు. కిటికీలు తెరిచి ఉంచితే దోమలు వస్తాయి, కాబట్టి దోమతెరలు ముందే కావాలి. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి, లోపల గొళ్లెం పనిచేస్తుందో లేదో మీరే వేసి చూడండి.

ముళ్లకంపల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, తీసేయండి. కంప బయటివాణ్ని ఆపేలోపు 108ని ఆపుతుంది. నొప్పులొచ్చిన మనిషిని మంచం మీద పొలిమేర దాకా మోయాల్సి వస్తుంది. దాని బదులు పొలిమేరలో ఇద్దరు కుర్రాళ్లు, ఒక నోట్‌బుక్, ఒక బకెట్, సబ్బు ఉంటే చాలు. వచ్చినవాడి పేరు, ఎక్కడి నుంచి, ఎవరింటికి. రోడ్డు మూసే అధికారం పంచాయతీకి లేదు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం కిందా, 2005 విపత్తు నిర్వహణ చట్టం కిందా ఆంక్షలు పెట్టేది ప్రభుత్వం, జిల్లాలో కలెక్టరు. ఆదేశం ధిక్కరిస్తే పెట్టే కేసు అప్పట్లో ఐపీసీ 188, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 223.

మందు కొట్టడం. మట్టి రోడ్డు మీద హైపో (సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ మందు) చల్లితే దుమ్ము, ఎండ కలిసి క్లోరిన్‌ను త్వరగానే తినేస్తాయి. మనుషుల మీద చల్లొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది, కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బ తింటాయి. పనికొచ్చే చోట్లు చేతులు తగిలేవే: బోరింగ్ పిడి, ఏటీఎం మీటలు, బ్యాంకు గ్రిల్లు, రేషన్ షాపు వేలిముద్ర మిషన్ పక్కనున్న బల్ల. ఒక శాతం ద్రావణానికి 5 శాతం హైపో ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు. బ్లీచింగ్ పౌడర్ 30 శాతం క్లోరిన్‌దైతే పది లీటర్ల బకెట్‌కు 330 గ్రాములు. కలిపి తేరనిచ్చి, పై తేట గుడ్డలో వడగట్టండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఉంచి, ఇనుప వస్తువైతే తర్వాత మంచినీళ్లతో కడగాలి, తుప్పు పడుతుంది. వాసన ఘాటుగా రాని పాత బ్లీచింగ్ సంచి సున్నంతో సమానం. యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది. పత్తికి పురుగుమందు కొట్టిన పంపును దీనికి వాడొద్దు.

గుంపులు ఎక్కువగా చేరేది పెళ్లిళ్ల దగ్గర అనుకుంటాం. లాక్‌డౌన్‌లో గుంపులు చేసింది సర్కారు పనులే. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు 500 రూపాయలు వేసినప్పుడు ఖాతా చివరి అంకెను బట్టి రోజులు పెట్టారు: 0, 1 అయితే ఏప్రిల్ 3న, 2, 3 అయితే 4న, అలా 9వ తేదీ దాకా. పద్ధతి బాగుంది. కానీ తీసుకోకపోతే పైసలు వాపసు పోతాయన్న పుకారు లేచింది, అంకెతో పని లేకుండా అందరూ బ్యాంకుల ముందు బారులు తీరారు. పైసలు ఎటూ పోవని ఒక్క డప్పు చాటింపు ముందు రోజు వేసిన ఊళ్లో ఆ వరుస ఉండదు. రేషన్‌ది కూడా ఇంతే. వేలిముద్ర, కాంటా, సంచి కలిపి కార్డుకు నాలుగు నిమిషాలనుకుంటే గంటకు 15, ఎనిమిది గంటలకు 120. మీ ఊళ్లో 400 కార్డులుంటే నాలుగు రోజుల పని. తేదీ, గంట రాసిన చీటీలు ముందే ఇంటింటికీ ఇవ్వాలి. దుకాణాలు తెరిచే వేళ తగ్గించడం కూడా తప్పు. అదే జనం తక్కువ గంటల్లో వస్తే గుంపు పెరుగుతుంది.

యాసంగి వడ్లకు 2020లో ఊళ్లలోనే కొనుగోలు కేంద్రాలు పెట్టి టోకెన్లు ఇచ్చారు. పెట్టింది మంచిదే, కానీ హమాలీలు, గోనె సంచులు రాకపోతే టోకెన్ తేదీలు జరిగిపోతాయి, రైతు కుప్ప దగ్గరే పడుకుంటాడు. కాబట్టి సర్కారును అడగాల్సింది తేదీ కాదు, సంచులు, లారీలు.

మిరప ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలను ఏ జాబితాలోనూ రాయరు. 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిరప చేలల నుంచి బీజాపూర్‌కు నడిచిపోతూ పన్నెండేళ్ల పాప దారిలోనే ప్రాణం విడిచింది. రాష్ట్రం వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది, అయితే పేరు లేనివాడికి అవి ఎట్లా అందుతాయి? ముఠా మేస్త్రీని పిలిచి మొదటి రోజే అందరి పేర్లు రాయించండి, రైతు చేత కూలి లెక్క తెంపించండి.

కల్లు, మందు దుకాణాలు ఒక్కసారిగా మూస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, ఫిట్స్, లేనివి కనబడటం మొదలవుతాయి. 2020 మార్చి చివర్లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి అలాంటివాళ్లు వరుస కట్టారు. కల్తీ కల్లు అలవాటున్నవాళ్లకు ఇంకా కష్టం. దీన్ని దెయ్యం పట్టిందనుకుని ఇంట్లో కట్టేయకుండా పీహెచ్‌సీకి తేవాలి.

ఇదంతా గాలి, తుంపర్ల ద్వారా అంటే జబ్బుకు. కేరళలో 2018లో వచ్చిన నిపా వేరే రకం, రోగికి సేవ చేసినవాళ్లకు ఎక్కువగా అంటుతుంది, కాంటాక్టులను 21 రోజులు చూడాలి. నీళ్ల ద్వారా వచ్చేదైతే మాస్కు కంటే ట్యాంకులో క్లోరిన్ ముఖ్యం. కాబట్టి కొత్త జబ్బు పేరు వినగానే మెడికల్ ఆఫీసర్‌ను అడగాల్సినవి: ఎట్లా అంటుతుంది, ఎన్ని రోజులకు బయటపడుతుంది, లక్షణాలు రాకముందే అంటుతుందా. మూడో దానికి "అవును" అంటే రిజిస్టరు ఆ రోజే మొదలుపెట్టండి. బీపీ, షుగర్, డయాలసిస్, టీబీ వాళ్ల పేర్లు, నెలలు నిండుతున్న గర్భిణుల తేదీలు ఆశా, ఏఎన్ఎంల దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శి బీరువాలో ఇప్పుడే పెట్టించండి, ఆరు నెలలకోసారి ఫోన్ నంబర్లు సరిచూడండి. సగం నంబర్లు మారిపోయి ఉంటాయి.